వెనక నుంచి వచ్చే గాలి

"ఇంట్లో ఊడ్చేది ఎవరు?" అని పెద్దదవాఖానలో డాక్టరమ్మ అడిగినప్పుడు, "నేనే మేడం" అంది లిల్లీ, కాస్త గర్వంగానే. గోదావరిఖనిలో, అందులోనూ ఓపెన్‌కాస్టు బొగ్గుగనికి అంత దగ్గరగా ఉన్న వాడలో, లిల్లీ ఇల్లంత శుభ్రమైన ఇల్లు ఇంకోటి లేదని చర్చిలో ఆడవాళ్లంతా అనేవారు.

డాక్టరమ్మ ఆ గర్వాన్ని పట్టించుకోలేదు. లిల్లీ భర్త నతానియేలు ఎక్స్‌రేను వెలుగుకెదురుగా పెట్టి చాలాసేపు చూసింది. "ఇక నుంచి ఊడ్వకండమ్మా. మీరు పొరక వేసినప్పుడల్లా సన్నదుమ్ము లేచి నేరుగా ఈయన ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తడిబట్టతో తుడవండి. కాదంటే మంచి ఫిల్టరున్న వ్యాక్యూమ్ క్లీనర్ కొనుక్కోండి. ఫిల్టరు ముఖ్యం. అది చూసి తీసుకోండి" అంది.

షేర్ ఆటోలో ఇంటికి వస్తున్నంతసేపూ లిల్లీ ఎక్స్‌రే కవరు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మందమర్రిలో బొగ్గుబాయి పనివాడి బిడ్డగా పుట్టి, ఇక్కడ బాయి పనివాడికి భార్యగా వచ్చిన మనిషి ఆమె. నతానియేలు భూమి లోపల ఇనుప టబ్బుల్లోకి బొగ్గు ఎత్తి షిఫ్టు దిగి వస్తే కళ్లు, పళ్లు తప్ప ఏవీ తెల్లగా కనబడేవి కావు. నీళ్లు తెల్లగా జారేదాకా అతని వీపు రుద్దేది. తర్వాత వాకిలి కడిగేది, తర్వాత ఇల్లు ఊడ్చేది. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయ్యాక ఒకసారి, దీపాలు పెట్టే ముందు ఇంకోసారి. కంపెనీ క్వార్టర్ వదిలి సొంతిల్లు కట్టుకుంటే ఆ బాధ తీరుతుందనుకున్నారు. కట్టుకున్న కొన్నేళ్లకే ఓపెన్‌కాస్టు జరుగుతూ జరుగుతూ వాడ చివరిదాకా వచ్చింది.

"అంటే గిన్నేండ్లు నేను ఊడ్సిందంతా నీ పానానికే వచ్చిందా?" అంది ఇంటి ముందు ఆటో దిగాక.

నతానియేలు గేటు పట్టుకుని నిలబడి ఊపిరి కూడదీసుకున్నాడు. "డాక్టరమ్మ గట్లనే అంటది. నా బతుకంతా బాయిల పీల్చిన. నీ పొరక ఏం చేస్తది? ఊకో" అన్నాడు.

కానీ ఆ సాయంత్రం కొడుకు టోనీ ఈ సంగతి విని ఊరుకోలేదు. టోనీ బొగ్గుగని కంపెనీ ఏరియా ఆఫీసులో క్లర్కు. నతానియేలుకు ఇంకా సర్వీసు ఉండగానే ఊపిరితిత్తులు చెడిపోతే, కంపెనీ డాక్టర్ల బోర్డు ముందు నిలబడి ఇక పనికి రానని రాయించుకున్నాడు. ఆ జాగలోనే టోనీకి కంపెనీలో నౌకరీ దొరికింది. మొదట్లో బాయిలోకి దిగాడు, తర్వాత పరీక్ష రాసి ఆఫీసులోకి వచ్చాడు. తండ్రి దగ్గిన ప్రతిసారీ టోనీ ముఖం మారిపోయేది. బాపుకు ఏదో ఒకటి చెయ్యాలి, అదీ నలుగురూ చూసేట్టు చెయ్యాలి అనే తపన అతనికి ఎప్పుడూ ఉండేది.

కోడలు కెరోలిన్ ప్రైవేటు బడిలో టీచరు. ఆమె ఫోనులో చాలాసేపు చదివి, "సంచి ఉన్నది తీసుకోవాలట అత్తమ్మా. గుంజిన దుమ్ము సంచిలనే ఆగిపోతదట. సన్న ఫిల్టరు ఉండాలె, మూత గట్టిగ పడాలె. చిన్నదైనా పర్వాలేదంటున్నరు" అంది.

"మన బొగ్గు దుబ్బకు చిన్నది ఏం సరిపోతది?" అన్నాడు టోనీ. "బాపు కోసం తెస్తున్నం. తెచ్చేదేదో మంచిది తెద్దాం."

మరుసటి ఆదివారం చర్చి అయ్యాక ముగ్గురూ చౌరస్తా దగ్గర పెద్ద దుకాణానికి వెళ్లారు. నతానియేలు మెట్లెక్కలేనని ఇంట్లోనే ఉండిపోయాడు. దుకాణంలో అమ్మే కుర్రాడు చాలా హుషారైనవాడు. వాళ్లు నోరు తెరవకముందే ఒక ఎర్రటి డ్రమ్ము లాంటి మిషన్‌ను చక్రాల మీద లాక్కొచ్చి, నేల మీద ఇసుక పోశాడు. ఇసుకలో గుప్పెడు నట్లు, బోల్టులు కలిపాడు. పైనుంచి గ్లాసెడు నీళ్లు కుమ్మరించాడు. మిషన్ ఆన్ చేస్తే దుకాణమంతా దద్దరిల్లింది. పొడుగాటి గొట్టం నీళ్లు, ఇసుక, ఇనుపముక్కలు అన్నింటినీ గడగడమని మింగేసింది. కింద బండ తళతళలాడింది. టోనీ ముఖం వెలిగిపోయింది.

"ఫిల్టరు మంచిగుంటదా బాబూ? డాక్టరమ్మ గదే చూడుమన్నది" అని అడిగింది లిల్లీ.

"ఫిల్టరు లేని మిషన్ ఉంటదా అమ్మా?" అంటూ కుర్రాడు పైమూత తీసి నల్లటి స్పాంజి గుడ్డను చూపించాడు. "కడుక్కొని మళ్ల పెట్టుకోవచ్చు. సంచులు కొనే లొల్లే లేదు."

మూలన ఒక చిన్న మిషన్ ఉంది. కెరోలిన్ దాని డబ్బా మీద రాసింది చదివి, "ఇందులో సంచి ఉన్నది. ఫిల్టరు గూడ డాక్టరమ్మ చెప్పిన అసొంటిదే" అంది.

"అది హైదరాబాద్ అపార్ట్‌మెంట్లకు మేడం. మన బొగ్గు ఏరియాకు ఇదే కరెక్టు. దీని గుంజుడు చూసిన్రు కదా."

"విన్నవా?" అన్నాడు టోనీ భార్యతో.

ఒకసారి డాక్టరమ్మకు చూపించి కొందామన్న మాట లిల్లీ నాలుక చివరిదాకా వచ్చింది. కానీ టోనీ అప్పటికే ఫోను తీసి డబ్బులు కట్టేస్తున్నాడు. కొడుకు అంత సంతోషంగా ఉండటం ఆమె చూసి చాలా రోజులైంది. ఆ మాట మింగేసింది.

ఎర్ర మిషన్ ఇంటికి వచ్చిన రోజు పక్కింటి సదయ్య, అతని భార్య సారవ్వ చూడటానికి వచ్చారు. సదయ్య, నతానియేలు ఒకే జట్టులో పనిచేసినవాళ్లు. ఇప్పుడు ఇద్దరికీ ఒకే దగ్గు. రెండిళ్లకూ మధ్య ఒకటే గోడ కాబట్టి ఈ ఇంట్లో దగ్గితే ఆ ఇంట్లో వినపడేది. టోనీ ఇల్లంతా మిషన్ నడిపి చూపించాడు. మంచం కింద, బీరువా వెనక, ఎక్కడా వదల్లేదు.

"అదృష్టమంటే నీది అన్నా" అన్నాడు సదయ్య. "మావోడు గిట్ల ఒక్క వస్తువన్న తేలే."

నతానియేలు మంచం మీద కూర్చుని తల ఊపాడు. "మంచిగ గుంజుతంది" అన్నాడు. టోనీ నవ్వు ఆపుకోలేకపోయాడు.

అప్పటి నుంచి రోజూ అదే పని. మిషన్ బరువు. లిల్లీ నడుము పట్టేసేది. చప్పుడుకు చెవులు గింగురుమనేవి. నడిపేటప్పుడు బయటి దుబ్బ రాకుండా కిటికీలు, తలుపులు మూసుకోవాలని దుకాణం కుర్రాడు చెప్పాడు కాబట్టి అన్నీ బిడాయించేది. "జర బయట కూసోరాదు" అంటే, "బయట లారీల దుబ్బ ఉన్నది, ఈడనే నయం" అని నతానియేలు ముందుగదిలో మంచం మీదే, ముఖానికి తువ్వాల అడ్డం పెట్టుకుని కూర్చునేవాడు. నేల మాత్రం నున్నగా అయ్యేది. పాదానికి ఇసుక తగిలేది కాదు. అయినా మిషన్ కట్టేసిన కొద్దిసేపటికే అద్దం మీద, టీవీ మీద, బల్ల మీద బైబిలు నల్ల అట్ట మీద సన్నటి పొర ఒకటి పరుచుకునేది. వేలితో గీస్తే గీత పడేది.

"ఈ ఓపెన్‌కాస్టు పాడుగాను" అని తిట్టుకుని, ఆమె సాయంత్రం కూడా నడపడం మొదలుపెట్టింది.

నతానియేలు దగ్గు తగ్గలేదు. చలికాలమని అనుకున్నారు. చలి పోయాక ఎండకాలమని అనుకున్నారు. రాత్రిళ్లు కూర్చునే నిద్రపోయేవాడు. అయినా టోనీ ఆఫీసు నుంచి రాగానే చెప్పులు విప్పుతూనే, "ఎట్లున్నది బాపూ? దుబ్బ తగ్గిందా?" అని అడిగేవాడు. "తగ్గింది బిడ్డా" అనేవాడు నతానియేలు. ఒక్కరోజు కూడా ఇంకోమాట అనలేదు.

సంగతి బయటపడేసింది కెరోలిన్. బడికి సెలవైన ఒక పొద్దున లిల్లీ తలుపులన్నీ మూసి మిషన్ నడుపుతోంది. పైన వెంటిలేటర్ లోంచి ఎండ ఒక పట్టీలా మిషన్ వెనక పడింది. ఆ ఎండలో కెరోలిన్‌కు పొగ కనబడింది. మొదట మిషన్ కాలిపోతోందేమో అనుకుని పరుగెత్తుకొచ్చింది. దగ్గరికొచ్చి చూస్తే అది పొగ కాదు. మిషన్ వెనక సందుల్లోంచి వచ్చే గాలిలో సన్నటి నల్లపొడి లేచి, నేరుగా నతానియేలు మంచం వైపు పోతోంది.

కెరోలిన్ తన తెల్ల చేతిరుమాలు ఆ గాలికి అడ్డం పట్టింది. కాసేపట్లోనే దాని మీద బూడిదరంగు మచ్చ వచ్చింది, ఇంకాసేపటికి నల్లబడింది.

"అత్తమ్మా, బంద్ చెయ్యండి!" అని అరిచింది.

లిల్లీ స్విచ్ ఆపి ఆ రుమాలు చేతిలోకి తీసుకుంది. "పెద్దపెద్ద ఇసుకంతా లోపల ఆగుతంది. సన్నది ఎనక నుంచి పోతంది. మామయ్యకు పడనిది ఆ సన్నదే" అంది కెరోలిన్. లిల్లీకి వేరే వివరణ అక్కర్లేకపోయింది. మంచం మీద నతానియేలు ఇద్దరినీ చూసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రం టోనీకి రుమాలు చూపిస్తే ఇంతెత్తు లేచాడు. "నువ్వు చెప్పింది కొనలేదని గిదంతా చేస్తున్నవ్. బాపే మంచిగున్నదని అంటుంటే నీకేంది బాధ?" అన్నాడు భార్యతో. తల్లి కల్పించుకోబోతే, "నీకేం తెలుసని మాట్లాడుతున్నవ్ అమ్మా?" అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ అన్నం సరిగా తినలేదు. లిల్లీ మాత్రం మర్నాటి నుంచి మిషన్ ముట్టుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని తడిబట్టతో ఇల్లు తుడిచింది.

ఆ వారం పూర్తికాకముందే నతానియేలును దవాఖానలో చేర్చారు. ముక్కుకు గొట్టం పెట్టారు. ఒక మధ్యాహ్నం వార్డులో ఎవరూ లేనప్పుడు అతను లిల్లీ చెయ్యి పట్టుకున్నాడు.

"ఒక మాట చెప్త. టోనీకి చెప్పకు" అన్నాడు. "ఆ మిషన్ సంగతి నాకు మొదటి వారంలనే ఎరుకైంది."

లిల్లీ అతని ముఖంలోకి చూసింది.

"బ్లాస్టింగ్ అయినంక పొగ పోకముందే మమ్ముల లోపటికి తోలేటోళ్లు సూడు, గప్పటి వాసన. గొంతుల గదే రుచి. నువ్వు మిషన్ పెట్టినప్పుడల్లా అదే."

"మరి చెప్పకపోతివేందయ్యా?"

"పోరడు మోజు పడి తెచ్చిండు. నా నౌకరి వానికొచ్చిందని లోపల లోపల ఎంత కుములుతడో నాకెరుక. రోజూ వచ్చి మంచిగున్నదా బాపూ అని అడుగుతుంటే ఏం జెప్పాలె? నువ్వు తెచ్చిందాంతోనే పానం పోతందిరా అని జెప్పాల్నా?"

లిల్లీకి ఏడుపు రాలేదు. ఒళ్లంతా మండింది. "వాడు తెచ్చిండు, నువ్వు ఊకున్నవ్. నడిపిందెవరు? నేను గాదా? పొద్దుమాపు తలుపులు పెట్టి మరీ నడిపిన. నాకన్న చెప్పొద్దా?"

"నీకు చెప్తే నువ్వు వానికి చెప్పేదానివి" అన్నాడు నతానియేలు. తర్వాత కళ్లు మూసుకున్నాడు. అలసిపోయి మూసుకున్నాడో, ఆమె ముఖం చూడలేక మూసుకున్నాడో ఆమెకు తెలియలేదు.

కొద్ది రోజులకే అతను పోయాడు. శవాన్ని ఇంటికి తెచ్చేముందు లిల్లీ డాక్టరమ్మ గదిలోకి వెళ్లి మిషన్ సంగతంతా చెప్పి, "దానివల్లనేనా మేడం?" అని అడిగింది. డాక్టరమ్మ పెన్ను మూత పెట్టింది. "ఊపిరితిత్తులు ఎప్పుడో పాడైపోయాయమ్మా. గని వల్ల ఎంత, మిషన్ వల్ల ఎంత అని ఎవరూ విడదీసి చెప్పలేరు" అంది. ఆమె మంచికే చెప్పింది. కానీ అవునన్నా, కాదన్నా లిల్లీకి అంతకన్నా తేలికగా ఉండేది.

ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడికకు చర్చివాళ్లు, కంపెనీవాళ్లు, వాడవాళ్లు అంతా వచ్చారు. పాటలు, ప్రార్థన అయ్యాక టోనీ మైకు పట్టుకున్నాడు. "మా బాపుకు దుబ్బ పడదని డాక్టర్ అంటే, ఆ ఆదివారమే గోదావరిఖనిలో దొరికే అన్నిటికన్నా పెద్ద మిషన్ తెచ్చి ఇంట్ల పెట్టిన. ఆయన పోయేదాకా ఇంట్ల దుబ్బ లేకుంట చూసుకున్న" అని చెప్పి వెక్కివెక్కి ఏడ్చాడు. ముందువరసలో ఆడవాళ్లు కొంగులు కళ్లకు ఒత్తుకున్నారు. కెరోలిన్ అత్త చెయ్యి గట్టిగా నొక్కి పట్టుకుంది. లిల్లీ తల వంచుకుని చాప అంచు చూస్తూ కూర్చుంది. చెప్పకు అని చనిపోయినవాడు అన్నాడు. బతికున్నవాడు ఏడుస్తున్నాడు.

మిషన్‌ను మూలకు నెట్టి పాత దుప్పటి కప్పారు. కొన్నాళ్లకు సారవ్వ వచ్చి, "అక్కా, ఊకనే పడి ఉన్నదిగా. మా ఆయనకు గూడ దగ్గు ఆగుతలేదు. కొన్ని రోజులు వాడుకొని ఇస్త" అంది.

"అది మంచిది గాదు సారవ్వా. ముందుకెంచి గుంజి ఎనకకెంచి ఊదుతది. సదయ్యకు అస్సలు వద్దు. తడిబట్ట పెట్టు, నేనొచ్చి తుడుస్త కావాల్నంటే."

"మీ ఇంట్ల నడిచినన్ని రోజులు మంచిదే. మేము అడిగితే మంచిది గాకుంటైందా?" సారవ్వ నవ్వుతూనే అంది, కానీ ముఖం మాడిపోయింది. "ఇయ్యనంటే ఇయ్యనని చెప్పక్కా. నీ కథలెందుకు?"

ఆ మాట అక్కడితో పోయిందనుకుంది లిల్లీ. తర్వాత ఒక పొద్దున పెరట్లో బట్టలు ఆరేస్తుంటే గోడ అవతల నుంచి ఆ హోరు వినిపించింది. చేతిలో బట్ట అక్కడే వదిలేసింది. ఇంట్లోకి వచ్చి చూస్తే మూలన దుప్పటి మడతపెట్టి ఉంది. మిషన్ లేదు.

"సారవ్వ నిన్న మీ కొడుకును అడిగి తీస్కపోయిందట అత్తమ్మా. నాకిప్పుడే తెలిసింది" అంది కెరోలిన్.

లిల్లీ తడిచేతులతోనే పక్కింటికి పరుగెత్తింది. తలుపు దగ్గరికేసి ఉంది. తోసుకుని లోపలికి వెళ్లింది. కిటికీలన్నీ మూసి ఉన్నాయి. సదయ్య మంచం మీద కూర్చుని దగ్గుతూనే ఆ ఎర్ర మిషన్ గదిలో తిరగడం చూస్తున్నాడు. లిల్లీ గోడ దగ్గరికి పోయి ప్లగ్గు పీకేసింది.

"ఏందక్కా గిది? మా ఇంట్లకొచ్చి!" అంది సారవ్వ.

"చెప్పిన గదా నీకు! ఆ గాలి చూడు, ఎటు పోతుందో చూడు. మా ఆయన గిట్లనే పోయిండు."

"మీ ఆయన బాయి దుబ్బకు పోయిండు. ఊరందరికి ఎరుక. నీ కొడుకే తెచ్చి ఇచ్చిండు. కన్నకొడుక్కు లేని బాధ నీకేంది?" సారవ్వ గొంతు పెద్దదైంది. "నీ మొగడు లేడు, నా మొగడున్నడు. గదే నీకు మంట."

లిల్లీ చేతిలోని ప్లగ్గును వదిలేసింది. సదయ్య వైపు తిరిగింది. కనీసం అతనైనా అర్థం చేసుకుంటాడనుకుంది. బ్లాస్టింగ్ వాసన అతనికీ తెలుసు.

సదయ్య దగ్గు ఆగేదాకా ఆగి, "వాసనొస్తది వదినె, రాదంటలేను" అన్నాడు మెల్లగా. "ఐనా ఉండనీ. నా ఇంట్ల నా కోసం ఒక మిషన్ నడుసుడు ఇదే మొదలు."

లిల్లీ తలుపు తెరిచిపెట్టి బయటికి వచ్చేసింది.

సాయంత్రం టోనీ వచ్చేదాకా ఆమె గుమ్మంలోనే కూర్చుంది. వచ్చాక, కెరోలిన్ ముందే, దవాఖానలో నతానియేలు చెప్పిందంతా చెప్పేసింది. ఒక్క ముక్క దాచలేదు. టోనీ మొదట నమ్మలేదు.

"అబద్ధం. బాపు రోజూ మంచిగున్నదని అన్నడు."

"నీ మొఖం జూసి అన్నడు కొడుకా."

టోనీ భుజానికున్న సంచి కింద పెట్టాడు. తర్వాత కుర్చీలో కూర్చున్నాడు. "మరి గిన్ని రోజులు నువ్వెందుకు చెప్పలే?" అన్నాడు. "కూడికల అందరి ముంగట నేను గట్ల మాట్లాడుతుంటే ఇనుకుంట కూసున్నవా?"

లిల్లీ మూలన మడతపెట్టి ఉన్న దుప్పటి వైపు చూసింది.

టోనీ లేచి పక్కింటికి వెళ్లాడు. గోడ అవతల సారవ్వ అరుపులు, మధ్యలో సదయ్య దగ్గు వినబడ్డాయి. టోనీ గొంతు అసలు వినబడలేదు. మిషన్‌ను లాక్కుంటూ వచ్చి వాకిట్లో పడేశాడు. వెనకే సారవ్వ వచ్చి దాని గొట్టాన్ని గేటు మీది నుంచి విసిరింది. "ఇచ్చి గుంజుకునేటోళ్లు మీరేం మనుషులు!" అని వాడంతా వినేట్టు అంది. మర్నాడు పాతసామాను బండివాడు మిషన్‌ను ఎత్తుకుపోయాడు.

టోనీ ఇప్పుడు తల్లితో మాట్లాడతాడు, కానీ అవసరమైనంత వరకే. ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పి నేరుగా లోపలికి పోతాడు. గుమ్మం దగ్గర ఆగడు. కెరోలిన్ తన జీతంతో సంచి ఉన్న చిన్న మిషన్ కొంటానంటే, "ఇంకెవరి కోసం?" అన్నాడు. ఆమె ఆ ఊసు మళ్లీ ఎత్తలేదు.

ఆ అవమానం మాత్రం పక్కింట్లో ఊరికే పోలేదు. సదయ్య కొడుకు పౌరుషానికి పోయి, అదే దుకాణంలో, అదే రకం మిషన్, ఇంకో సైజు పెద్దది తెచ్చాడు. సారవ్వ దాన్ని వాకిట్లో అందరికీ కనబడేట్టు విప్పించింది. లిల్లీ ఇంటి వైపు చూడను కూడా లేదు.

రోజూ పొద్దున గోడ అవతల హోరు మొదలవుతుంది. లిల్లీ చేతిలో పనేదున్నా వదిలేసి పెరట్లోకి పోయి, "సారవ్వా, కిటికీలన్న తెరువు" అని కేకేస్తుంది. అటు నుంచి జవాబు రాదు. మొదట్లో సారవ్వ మిషన్ హోరు ఇంకా పెంచేది. చుట్టుపక్కలవాళ్లు లిల్లీకి మతి చెడిందని చెప్పుకుంటున్నారని కెరోలిన్ చెప్పింది. అయినా ఆమె మానలేదు.

ఒకరోజు ఆమె కేకేశాక కిటికీ రెక్క ఒకటి తెరుచుకుంది. తెరిచింది సదయ్య. ఊచలు పట్టుకుని, ముఖం బయటికి పెట్టి ఊపిరి పీల్చుకుంటున్నాడు. లిల్లీని చూడగానే ముఖం తిప్పుకున్నాడు. కిటికీ మాత్రం మూయలేదు.